గల్ఫ్‌లో టీచరు ఉద్యోగం: ఆరు దేశాల్లో ఎక్కడ ఎంత మిగులుతుంది?

గల్ఫ్ దేశాల్లో ఉపాధ్యాయ ఉద్యోగానికి రెండు మూడు చోట్ల నుంచి ఆఫర్లు వచ్చినవారు మొదట చేసే పని జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. ఆ లెక్క తప్పేమీ కాదు గానీ దానివల్ల తేలేది చాలా తక్కువ. ఆరు దేశాల్లో ఎక్కడా ప్రస్తుతం జీతం మీద ఆదాయపు పన్ను లేదు. బియ్యం, పప్పులు, కూరగాయల ధరల్లో కూడా నెల బడ్జెట్‌ను తారుమారు చేసేంత తేడా ఉండదు. తేడా అంతా ఇంటి అద్దెలో, భార్యాపిల్లలను వెంట ఉంచుకోవడానికి అయ్యే ఖర్చులో, పిల్లల ఫీజుల్లో, జీతం రాని వేసవి నెలల్లో ఉంటుంది. అందుచేత ఏ దేశంలో జీతం ఎక్కువ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, మీ కుటుంబ పరిస్థితికి ఏ దేశంలో ఎక్కువ మిగులుతుంది అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చే సందర్భాలు అరుదు.

ఈ పోలిక ప్రధానంగా బీఈడీ చేసి, మన రాష్ట్రాల్లో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, అక్కడి భారతీయ సిలబస్ పాఠశాలల్లోనో సాధారణ ప్రైవేటు పాఠశాలల్లోనో చేరబోయేవారి కోసం. బ్రిటిష్, అమెరికన్ సిలబస్ పాఠశాలల్లో ఇల్లు, టికెట్లు, పిల్లల చదువు అన్నీ యాజమాన్యమే భరించే పూర్తి ప్యాకేజీ దొరికినవారికి దేశాల మధ్య తేడా అంతగా పట్టదు.

దేశం కంటే ముందు చూడవలసినవి

మొదటిది కరెన్సీ భ్రమ. దినారు విలువ పెద్దది కనుక కువైట్ జీతం పెద్దదని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కువైట్‌లో 300 దినార్లంటే దుబాయ్‌లో ఇంచుమించు 3,600 దిర్హాములు. అదే 300 బహ్రెయిన్ దినార్లయితే 2,930 దిర్హాములకు, 300 ఒమాన్ రియాళ్లయితే 2,865 దిర్హాములకు సమానం. కువైట్ దినారు తప్ప మిగిలిన అయిదు కరెన్సీలూ డాలరుతో స్థిరమైన రేటుకు ముడిపడి ఉన్నాయి కనుక, ఆఫర్లన్నింటినీ ఒక్కసారి డాలర్లలోకి మార్చి పెట్టుకుంటే ఆ లెక్క ఏళ్ల తరబడి మారదు.

రెండవది ఇల్లు. పాఠశాల ఇల్లే ఇస్తుందా, ఇంటికి డబ్బు ఇస్తుందా, లేక అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పి ఊరుకుంటుందా అన్నది ఆఫర్ లెటర్‌లో విడిగా రాసి ఉండాలి. ఇల్లు ఇస్తామన్నప్పుడు అది ఒంటరిగా ఉండే గదా, ఇద్దరు టీచర్లకు కలిపి ఇచ్చే షేరింగ్ ఫ్లాటా, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. షేరింగ్ ఫ్లాటు ఇచ్చే పాఠశాలలో చేరి, ఆరు నెలల తర్వాత కుటుంబాన్ని తెచ్చుకోవాలనుకుంటే, ఆ సదుపాయానికి బదులు చాలాచోట్ల డబ్బు ఇవ్వరు.

మూడవది వీసా ఎవరి పేరు మీద అన్న విషయం. భర్త ఉద్యోగం మీద ఇప్పటికే అక్కడ ఉన్న టీచర్లను పాఠశాలలు స్థానికంగా తీసుకుంటాయి. అలాంటివారికి ఇల్లు, విమాన టికెట్, కొన్నిచోట్ల వైద్య బీమా కూడా ఇవ్వరు. ఒకే స్టాఫ్‌రూములో ఒకే తరగతికి పాఠం చెప్పే ఇద్దరి చేతికి వచ్చే మొత్తాల్లో పెద్ద తేడా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి అక్కడ ఉన్న బంధువులు చెప్పిన జీతాన్ని మీ ఆఫర్‌తో పోల్చేముందు వారు ఏ పద్ధతిలో చేరారో అడగండి.

నాలుగవది వేసవి. జులై, ఆగస్టు నెలల్లో బడులు మూసి ఉంటాయి. కొన్ని యాజమాన్యాలు మొదటి ఏడాది చేరినవారికి ఆ రెండు నెలలకు సగం జీతమే ఇస్తాయి, కొన్ని పూర్తిగా ఎగ్గొడతాయి. ఆ నెలల్లో కూడా అద్దె ఆగదు. పైగా హైదరాబాద్‌కు విమాన టికెట్లు ఏడాదిలో అత్యంత ఖరీదుగా ఉండేది ఆ రోజుల్లోనే. మిగతా ఉద్యోగులు నవంబరులోనో ఫిబ్రవరిలోనో చవకగా వచ్చి వెళ్తారు, టీచరుకు ఆ వీలు లేదు. టికెట్‌కు బదులు నగదు ఇచ్చే పాఠశాల ఆ మొత్తాన్ని ఏ నెల ధరతో లెక్కగట్టిందో చూసుకోవాలి.

ఇక గ్రాట్యుటీ. దీన్ని చాలా దేశాల్లో మొత్తం జీతం మీద కాకుండా బేసిక్ మీదే లెక్కిస్తారు. అయిదు వేల జీతంలో బేసిక్ రెండు వేలుగా చూపించి మిగిలింది అలవెన్సులుగా రాసిన ఆఫర్, నెలనెలా ఒకేలా కనిపించినా, వెళ్లిపోయే రోజున సగానికన్నా తక్కువ ఇస్తుంది.

ఒక చూపులో

| దేశం | 1,000 డాలర్లకు సమానం | వ్యాట్ | కుటుంబం ఉంటే ప్రత్యేకంగా చూడవలసింది | మొదటి అయిదేళ్లకు ఏడాదికి గ్రాట్యుటీ |
|---|---|---|---|---|
| యూఏఈ | 3,672 దిర్హాములు | 5% | అద్దె, దుబాయ్‌లో అద్దె మీద 5% హౌసింగ్ ఫీజు | 21 రోజుల బేసిక్ |
| సౌదీ అరేబియా | 3,750 రియాళ్లు | 15% | ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 400 రియాళ్లు | అర నెల వేతనం |
| ఖతర్ | 3,640 రియాళ్లు | లేదు | కుటుంబ వీసాకు కనీస జీతం షరతు | కనీసం 3 వారాల బేసిక్ |
| కువైట్ | సుమారు 307 దినార్లు | లేదు | కుటుంబ వీసాకు కనీస జీతం షరతు | 15 రోజుల వేతనం |
| ఒమాన్ | 384.5 రియాళ్లు | 5% | సొంత కారు దాదాపు తప్పనిసరి | ఒక నెల బేసిక్ |
| బహ్రెయిన్ | 376 దినార్లు | 10% | అద్దె మీద 10% మున్సిపల్ ఫీజు | ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ ద్వారా |

యూఏఈ: వెళ్లడం సులువు, నిలదొక్కుకోవడం ఖరీదు

కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఇక్కడ జీతం అడ్డంకి కాదు. నెలకు 4,000 దిర్హాములు ఉన్నా, ఇల్లు ఉచితంగా ఇస్తే 3,000 ఉన్నా భార్యాపిల్లలకు వీసా తీసుకోవచ్చు. భారతీయ సిలబస్ పాఠశాలలు ఎక్కువ కనుక భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే ఇద్దరికీ పని దొరికే అవకాశం ఆరు దేశాల్లో ఇక్కడే మెరుగు. అసలు సమస్య అద్దె, అందులోనూ మొదటి నెల.

దుబాయ్‌లో ఏడాదికి 60,000 దిర్హాముల అద్దెకు ఒక ఫ్లాటు దొరికిందనుకుందాం. ఫర్నిచరు లేని ఇంటికి అద్దెలో 5 శాతం, అంటే 3,000 డిపాజిట్. ఏజెంటు కమీషన్ మరో 5 శాతం, ఇంకో 3,000. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు దేవా (దుబాయ్ విద్యుత్, నీటి సంస్థ) డిపాజిట్ 2,000. అద్దెను నాలుగు చెక్కులుగా ఇవ్వడానికి యజమాని ఒప్పుకుంటే మొదటి చెక్కు 15,000. ఇజారి (అద్దె ఒప్పందం) నమోదు రుసుము వంటి చిన్న ఖర్చులు వదిలేసినా ఇంటి తాళం చేతికి వచ్చేసరికి 23,000 దిర్హాములు కావాలి. అయిదు వేల జీతగాడికి అది నాలుగున్నర నెలల సంపాదన కంటే ఎక్కువ. ఆ తర్వాత నెలనెలా వచ్చే దేవా బిల్లులో కరెంటు, నీళ్లతో పాటు హౌసింగ్ ఫీజు అన్న వరుస ఒకటి ఉంటుంది. ఈ ఇంటికి అది నెలకు 250 దిర్హాములు. అద్దె ప్రకటనలో చిల్లర్ ఫ్రీ అని లేకపోతే ఏసీ చల్లదనానికి వేరే బిల్లు కూడా వస్తుంది. మే నుంచి అక్టోబరు వరకు ఆ బిల్లు చిన్నదిగా ఉండదు.

అందుకే దుబాయ్‌లో పనిచేసే టీచర్లలో చాలామంది షార్జాలో ఉంటారు. అద్దె బాగా తగ్గుతుంది, నిజమే. అయితే ఉదయం ఏడింటికల్లా బడిలో ఉండవలసిన వారికి షార్జా–దుబాయ్ రోడ్డు మీద రద్దీ ఎలాంటిదో ఒక్క వారం వెళ్లి వస్తే తెలుస్తుంది. సొంత కారుంటే సాలిక్ టోలు కూడా కలుపుకోవాలి. 2025 జనవరి నుంచి రద్దీ వేళల్లో ఒక్కో గేటుకు 6 దిర్హాములు. పాఠశాల స్టాఫ్ బస్సు షార్జా వరకు వస్తుందా అన్న ఒక్క ప్రశ్న మీద ఈ నిర్ణయం ఆధారపడుతుంది. షార్జా, అజ్మాన్‌లలోనే ఉన్న పాఠశాల కొంచెం తక్కువ జీతం ఇచ్చినా, ఆ ఆఫర్‌ను తేలిగ్గా తీసిపారేయవద్దని నా సలహా. ఒంటరిగా ఉండేవారికి బెడ్ స్పేస్ (గదిలో ఒక మంచం మాత్రమే అద్దెకు తీసుకోవడం) ఉంది గానీ, ఇంటికి వచ్చి వర్క్‌బుక్కులు దిద్దుకోవలసిన వృత్తిలో ఉన్నవారు పార్టిషన్ గదిలో ఎంతకాలం గడపగలరో ముందే ఆలోచించుకోవాలి.

సౌదీ అరేబియా: ఒంటరికి లాభం, కుటుంబానికి భారం

సౌదీలో చేతికి వచ్చే జీతం, యాజమాన్యం ఇచ్చే ఇల్లు కలిసి వస్తే ఒంటరి టీచరుకు మిగులు బాగానే ఉంటుంది. కుటుంబం వచ్చిందంటే లెక్క మారిపోతుంది. 2017 జులైలో ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్లతో మొదలైన రుసుము ఏటా పెరిగి 2020 జులై నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు. జీతం 4,000 అయితే అందులో ముప్ఫై శాతం ఇంట్లో పొయ్యి వెలిగించకముందే పోయినట్టు. ఈ రుసుమును ఇకామా (నివాస అనుమతి) రెన్యూవల్ సమయంలో ముందుగానే కట్టాలి కనుక అది నెలవారీ ఖర్చుగా కనబడదు, ఒక్కసారిగా మీద పడుతుంది. కొన్ని యాజమాన్యాలు దీన్ని భరిస్తాయి. భరిస్తే ఆ మాట కాంట్రాక్టులో ఉండాలి, ఇంటర్వ్యూలో నోటిమాటగా చెప్పినది లెక్కలోకి రాదు.

వ్యాట్ కూడా 2020 జులైలో 5 నుంచి 15 శాతానికి పెరిగింది. కిరాణా సరుకులకు మినహాయింపు లేదు. సూపర్‌మార్కెట్‌లో 1,500 రియాళ్ల బిల్లు కడితే అందులో దాదాపు 196 రియాళ్లు పన్నే. రియాద్‌లో ఇటీవలి సంవత్సరాల్లో అద్దెలు ఎంత వేగంగా పెరిగాయంటే, 2025 సెప్టెంబరులో ప్రభుత్వం అక్కడ అయిదేళ్ల పాటు అద్దెల పెంపును నిలిపివేసింది. ఒక మంచి మార్పు 2024 డిసెంబరు 1న మొదలైన రియాద్ మెట్రో. నాలుగు రియాళ్ల టికెట్‌తో రెండు గంటలు తిరగవచ్చు కనుక, ఆ దారిలో ఇల్లు, బడి రెండూ పడితే కారు ఖర్చు తప్పుతుంది.

గ్రాట్యుటీ విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండేళ్లు నిండకముందు రాజీనామా చేస్తే ఏమీ రాదు, రెండు నుంచి అయిదేళ్ల లోపు అయితే మూడో వంతు, అయిదు నుంచి పదేళ్ల లోపు అయితే మూడింట రెండు వంతులే వస్తాయి. కాంట్రాక్టు గడువు ముగిసి, మళ్లీ పొడిగించుకోకుండా వెళ్లిపోతే పూర్తిగా వస్తుంది. మధ్యలో మానేయకుండా గడువు తేదీ దాకా ఆగడం ఎందుకు మేలో దీన్నిబట్టి అర్థమవుతుంది. కువైట్‌లోనూ తొందరపడి రాజీనామా చేసేవారికి ఇలాంటి కోతలే ఉన్నాయి.

ఖతర్

దోహాలో వ్యాట్ లేదు, మెట్రో టికెట్ 2 రియాళ్లు, రోజంతా తిరగడానికి 6 రియాళ్లు. నగరం చిన్నది కనుక బడికి దగ్గరగా ఇల్లు వెతుక్కోవడం కష్టం కాదు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, మన్సూరా, వక్రా ప్రాంతాల్లో మనవాళ్లు ఎక్కువగా ఉంటారు. అయితే ప్రైవేటు రంగంలో కుటుంబ వీసాకు 10,000 రియాళ్ల జీతం కావాలి, యాజమాన్యం ఇల్లు ఇస్తే 6,000 ఉండాలి. భారతీయ సిలబస్ పాఠశాల టీచరు జీతంతో ఈ మొదటి గీత దాటడం కష్టం. అందువల్ల ఖతర్ ఆఫర్ వచ్చిన వివాహితులు జీతం అంకె కంటే ముందు ఇంటి షరతు చూడాలి. 6,000 జీతానికి కాగితం మీద ఇల్లు కూడా ఉంటే కుటుంబం వస్తుంది, అదే ఇంటికి బదులు డబ్బు కలిపి 8,000 చేస్తే రాదు. చూడటానికి పెద్దగా ఉన్న రెండో ఆఫర్ ఈ ఒక్క కారణంతో చేదవుతుంది.

కువైట్

రోజువారీ ఖర్చు తక్కువ. వ్యాట్ లేదు, పెట్రోలు లీటరు 85 ఫిల్సు, కరెంటు నీళ్లకు ప్రభుత్వ రాయితీ ఎంత ఎక్కువంటే చాలా ఫ్లాట్లలో ఆ బిల్లును అద్దెలోనే కలిపేస్తారు. అబ్బాసియా, ఫర్వానియా, సాల్మియాల్లో ఇద్దరు టీచర్లు కలిసి ఫ్లాటు తీసుకుంటే మిగులు గణనీయంగా ఉంటుంది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి దశాబ్దాలుగా జనం వెళ్తున్న దేశం కనుక సోనామసూరి బియ్యానికీ గోంగూరకూ లోటు లేదు.

కుటుంబం సంగతి వచ్చేసరికి ఇక్కడా ఖతర్ లాంటి ఇబ్బందే. 2024లో కుటుంబ వీసాకు 800 దినార్ల కనీస జీతం షరతు తెచ్చారు. కొన్ని వృత్తులకు మినహాయింపులు ఇచ్చినా, ప్రైవేటు పాఠశాల టీచర్లు అది తమకు వర్తిస్తుందని ముందే అనుకోకూడదు. పాఠశాలలో వీసా పనులు చూసే పీఆర్‌ఓను అడిగి తేల్చుకోవాలి. 2025 జులై 1 నుంచి ప్రైవేటు రంగ ఉద్యోగులు దేశం దాటాలంటే యాజమాన్యం నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. ఇది డబ్బుకు సంబంధించినది కాదు గానీ, ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేనివారు దీన్ని కూడా తూకంలో వేసుకోవాలి.

ఒమాన్, బహ్రెయిన్

అంకెలు చూసి ఈ రెండింటినీ పక్కన పెట్టేవారే ఎక్కువ. కుటుంబంతో వెళ్లేవారు అలా చేయడం పొరపాటని నా అభిప్రాయం.

ఒమాన్‌లో భారతీయ పాఠశాలలు మన సమాజం నడిపేవి, ఒక ఉమ్మడి బోర్డు కింద పనిచేస్తాయి. మస్కట్‌లోనే కాకుండా సోహార్, నిజ్వా, సూర్, ఇబ్రి, సలాలాల్లోనూ ఉన్నాయి. లోపలి పట్టణాల్లో అద్దె మస్కట్ కంటే చాలా తక్కువ, బడి నడిచి వెళ్లే దూరంలోనే ఉండవచ్చు. వ్యాట్ 5 శాతమే, ప్రధాన ఆహార పదార్థాల మీద అది కూడా లేదు. 2023 కార్మిక చట్టం గ్రాట్యుటీని మొదటి ఏడాది నుంచే ఏటా ఒక నెల బేసిక్‌గా మార్చింది. ఆరు దేశాల్లో కొత్తగా చేరేవారికి ఇదే ఉదారమైనది. 2028 నుంచి 5 శాతం ఆదాయపు పన్ను వస్తుందన్న వార్త చూసి భయపడనక్కరలేదు, అది ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయానికే. మస్కట్ మాత్రం కొండలకూ సముద్రానికీ మధ్య పొడవుగా సాగిన నగరం. మెట్రో లేదు, కారు లేకుండా కుటుంబంతో బతకడం కష్టం. కారు కొనుగోలు, బీమా కలిపి మొదటి ఏడాది మిగులులో మంచి భాగం తినేస్తాయి.

బహ్రెయిన్‌లో దూరాలు తక్కువ, కుటుంబానికి జీవనం తేలిక. వ్యాట్ 2022లో 10 శాతానికి పెరిగినా ముఖ్యమైన ఆహార సరుకులను వదిలేశారు. అద్దె మీద 10 శాతం మున్సిపల్ ఫీజు ఉంటుంది కనుక ఇల్లు మాట్లాడేటప్పుడు అది కలిపి చెప్పారో విడిగానో అడగాలి. 2024 మార్చి నుంచి గ్రాట్యుటీ సొమ్మును యజమాని నెలనెలా ప్రభుత్వ సామాజిక బీమా సంస్థకు జమ చేయాలి. వెళ్లిపోయేటప్పుడు యాజమాన్యం చుట్టూ తిరిగే బాధ దీనితో తప్పింది.

మీరు ఏ కోవకు చెందుతారు?

పెళ్లికాని వారు, లేదా రెండు మూడేళ్లు ఒంటరిగా ఉండి ఇంటి అప్పో చెల్లెలి పెళ్లి ఖర్చో తీర్చుకుందామనుకునేవారు ఇల్లు ఇచ్చే కువైట్, సౌదీ, ఖతర్ ఆఫర్లను ముందు చూడాలి. ఇల్లు ఇవ్వని దుబాయ్ ఆఫర్ వీరికి చివరిది.

భార్యాభర్తలిద్దరూ టీచర్లయితే యూఏఈ. మొదటి చెక్కు, డిపాజిట్లకు సరిపడే డబ్బు ఇక్కడి నుంచే తీసుకువెళ్లాలి. వడ్డీకి తెచ్చి వెళ్తే మొదటి ఏడాది మిగిలేదేమీ ఉండదు. ఒకరి జీతం మీదే నలుగురు బతకాలంటే ఒమాన్, బహ్రెయిన్‌లు సౌదీ కంటే మేలు. సౌదీ యాజమాన్యం ఆ 1,200 రియాళ్లు తానే కడతానని రాసిస్తే తప్ప ఈ మాట మారదు.

ఇద్దరు పిల్లలున్నవారు ఫీజు రాయితీ షరతులను వరుసగా చదవాలి. చాలాచోట్ల రాయితీ ట్యూషన్ ఫీజుకే గానీ బస్సుకు, పుస్తకాలకు ఉండదు. కొన్నిచోట్ల ఒక్క బిడ్డకే ఇస్తారు. పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే ఇంకో విషయం ఉంది. తెలంగాణలో వైద్య సీట్లకు స్థానికత కావాలంటే వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా దోహాలోనో దుబాయ్‌లోనో చదివిన పిల్ల తెలంగాణ కన్వీనర్ కోటాలో స్థానికురాలిగా లెక్కకు రాకపోవచ్చు. నీట్ వైపు వెళ్లే పిల్లలున్నవారికి అక్కడ నాలుగేళ్లలో మిగిలే మొత్తం కంటే ఇది పెద్ద ఖర్చు కావచ్చు.

బయలుదేరే ముందు

సర్టిఫికెట్ల విషయంలోనూ దేశాల మధ్య తేడా ఉంది. సౌదీ, ఒమాన్, బహ్రెయిన్‌లు అపోస్టిల్ (పత్రాలను దేశాల మధ్య చెల్లుబాటు చేసే ధ్రువీకరణ) ఒప్పందంలో ఉన్నాయి కనుక బీఈడీ, డిగ్రీ పట్టాలకు మన విదేశాంగ శాఖ అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ, ఖతర్, కువైట్‌లకు విదేశాంగ శాఖ మామూలు ధ్రువీకరణ తర్వాత ఆయా దేశాల రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి, డబ్బూ రోజులూ అదనంగా పడతాయి. ఈ ఖర్చును చేరాక తిరిగి ఇస్తారా అని పాఠశాలను అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

బయలుదేరే నెలకు కూడా విలువ ఉంది. ఉద్యోగం కోసం విదేశం వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు తక్కువగా దేశంలో ఉంటే ప్రవాసిగా లెక్క, అతని గల్ఫ్ జీతానికి ఇక్కడ పన్ను పడదు. భారతీయ సిలబస్ పాఠశాలలు ఏప్రిల్‌లో, విదేశీ సిలబస్ పాఠశాలలు ఆగస్టు చివర తెరుచుకుంటాయి కనుక మామూలుగా చేరేవారికి ఇబ్బంది ఉండదు. మధ్యలో ఖాళీ అయిన పోస్టులో అక్టోబరులో గానీ ఆ తర్వాత గానీ బయలుదేరి చేరేవారు మాత్రం మార్చి వరకు వచ్చే గల్ఫ్ జీతాన్ని కూడా ఆ ఏడాది ఇక్కడి రిటర్నులో చూపించవలసి ఉంటుంది.